మాగాక కనిపించే దెబ్బ

అన్నాల బెల్లు కొట్టాక ఐదో తరగతి గదిలో సౌభాగ్యలక్ష్మి ఒక్కతే మిగిలింది. ఆమె ముందు రెండు యంత్రాలు, రెండు గంపలు ఉన్నాయి.

యంత్రాలంటే పెద్దవేం కావు. హైమవతి టీచర్ విజయవాడ నుంచి ఒక పెట్టె తెచ్చారు. అందులో చిల్లులున్న ఇనుప పట్టీలు, నట్లు, బోల్టులు, కప్పీలు, చక్రాలు ఉన్నాయి. ఇన్నాళ్ళూ సైన్సు పుస్తకంలో కప్పీ బొమ్మ చూశారు, ఇక కప్పీనే తిప్పి చూడమన్నారు టీచర్. మామిడికాయని నేల మీంచి ఎత్తి, బల్ల మీది గంపలో పెట్టే ఇనుప చెయ్యి కట్టమన్నారు. ఇలా మనిషి పని చేసే యంత్రాన్ని రోబో అంటారని చెప్పారు.

"రోబో అంటే మరమనిషి కదండీ. మరి దీని తలకాయేదండీ?" అని అడిగాడు గంగాధరం.

"ఇప్పటికి దారం లాగేది నువ్వే కాబట్టి తలకాయ నువ్వేరా. ముందు ముందు ఆ తలకాయ కూడా యంత్రానికే పెడతారు" అన్నారు టీచర్. క్లాసంతా గంగాధరం తల వైపు చూసి నవ్వింది.

పెట్టె ఒకటే కాబట్టి సామాను సగం సౌభాగ్య, గంగాధరం తీసుకున్నారు. మిగతా సగం లేయా, బాలశౌరి తీసుకున్నారు. రెండు చేతుల్లో ఏది బాగా పనిచేస్తే అది నూజివీడులో జరిగే పిల్లల సైన్సు ప్రదర్శనకి వెళ్తుంది. ఓడినదాన్ని విప్పేసి, ఆ పట్టీలతో గెలిచినదాన్ని పెద్దది చేస్తారు.

పోటీకి చెరి మూడు చిన్న రసం మామిడికాయలు. కాయలు సౌభాగ్య వాళ్ళ తోటలోవే. యంత్రం ఎత్తిన కాయల్ని వరిగడ్డిలో మాగబెట్టాలి. దెబ్బ తగిలిన కాయ ఆ రోజు మామూలుగానే ఉంటుంది. మాగాక, తగిలిన చోట నల్లబడుతుంది. ఆ ఊళ్ళో ఈ సంగతి తెలియని పిల్లలు లేరు.

సాధనకి గులకరాళ్ళు వాడండి, పోటీ కాయల్ని ముట్టుకోవద్దు అని టీచర్ ముందే చెప్పారు.

సౌభాగ్య ముట్టుకుంది. గులకరాయిని ఎత్తే చెయ్యి కాయని ఎత్తుతుందో లేదో చూద్దామనుకుంది. ఒక్కసారే కదా అనుకుంది. దారం లాగింది. కాయ లేచింది. బల్ల అంచు దాకా వచ్చాక దారం కప్పీ మీంచి జారింది. కాయ గచ్చు మీద పడింది.

తీసి అటూ ఇటూ తిప్పింది. పైకి ఏమీ లేదు. తొడిమ దగ్గర సొన చుక్క ఒకటి వచ్చింది. పావడాతో తుడిచింది. బయట పిల్లలు చేతులు కడుక్కుంటున్నారు. ఇంటికెళ్ళి ఇంకో కాయ తెచ్చే వ్యవధి లేదు.

ఆ కాయని లేయా వాళ్ళ గంపలో పెట్టింది. వాళ్ళ కాయ ఒకటి తన గంపలో వేసుకుంది. తర్వాత కప్పీని గట్టిగా బిగించింది.

మధ్యాహ్నం పోటీ జరిగింది. రెండు చేతులూ కాయల్ని ఎత్తాయి. ఒక్కటీ పడలేదు. టీచర్ రెండు గంపల్లో గడ్డి కప్పి, గది మూల పెట్టారు.

వారం తిరక్కుండా కాయలు మాగాయి. టీచర్ గడ్డి తీసి ఒక్కొక్కటే పైకెత్తి చూపించారు. సౌభాగ్య వాళ్ళ మూడు పళ్ళకీ మచ్చ లేదు. లేయా వాళ్ళ మూడో పండు ముక్కు దగ్గర నల్లగా మెత్తబడి ఉంది.

గంగాధరం ఎగిరి గంతేశాడు. సౌభాగ్య తన పలక వైపు చూస్తూ కూర్చుంది.

"నే చెబుతూనే ఉన్నా, ఆ గుడ్డ పల్చనిదని. వింటేగా" అన్నాడు బాలశౌరి.

కాయని పట్టుకునే చోట గుడ్డ చుట్టింది లేయానే. వాళ్ళమ్మ పాత చీర అంచు చించి తెచ్చింది. లేయా తన ముంజేతిని ఆ ఇనుప పట్టులో పెట్టి దారం లాగి చూసుకుంది.

"ఇంత మెల్లగా పట్టుకుంటే దెబ్బెలా తగిలిందండీ?" అని టీచర్ని అడిగింది.

టీచర్ కూడా పట్టు చూశారు, దారం చూశారు. ఎక్కడో లోపం ఉండే ఉంటుంది, పండు మీద కనబడుతోంది కదా అన్నారు. విప్పేలోగా వెతుక్కోమన్నారు.

ఆ సాయంత్రం సౌభాగ్య తోటకి వెళ్ళింది. కోత నడుస్తోంది. చివర వల ఉన్న చిక్కం కర్రతో కోస్తున్న కూలీ సువర్ణరాజు చేతిలోంచి ఒక కాయ జారి కింద పడింది. అతను కర్ర పక్కన పెట్టి, ఆ కాయ తీసి, విడిగా ఉన్న గంపలో వేశాడు. ఆ గంప పడ్డ కాయలకే. ఎవరు కోస్తే పడిందో వాళ్ళే వెయ్యాలి. ఎందుకు పడిందని ఎవరూ అడగరు. సౌభాగ్య పుట్టినప్పటి నుంచీ చూస్తున్న పద్ధతే అది. ఆ రోజు మాత్రం చూడలేక ఇంటికి వచ్చేసింది.

నాయనమ్మ బసవమ్మ పండు రసం పిండి అన్నంలో వేసింది. సౌభాగ్య ముద్ద కలిపి వదిలేసింది.

"ఏంటే, పండు పుల్లగా ఉందా?"

"లేదు."

"మరి?"

సౌభాగ్య కంచం ముందు నుంచి లేచిపోయింది.

మర్నాడు బడి వదిలాక లేయా ఇంటికి వెళ్ళలేదు. కొత్త గుడ్డ తెచ్చింది, మందంగా మడిచి చుట్టింది. ఒక బోల్టు వదులు చేసి చూసింది, మళ్ళీ బిగించింది. బాలశౌరి ఆమెతో మాట్లాడటం మానేశాడు. స్క్రూడ్రైవర్ సౌభాగ్య చేతిలో ఉంది. లేయా వెతకడం అయిపోగానే ఆ చేతిని విప్పమని టీచర్ ఇచ్చి వెళ్ళారు.

లేయా తలెత్తింది. "సౌభాగ్యా, మీ చెయ్యి కాయని ఎలా పట్టుకుంటుందో ఒకసారి చూపిస్తావా? మాదాంట్లో తప్పేంటో నాకు అంతు పట్టట్లేదు."

సౌభాగ్య స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టింది.

"మీదాంట్లో తప్పు లేదు" అంది. "ఆ కాయ మాది. పోటీకి ముందే నేను కింద పడేశా. మీ గంపలో పెట్టి, మీది నేను తీసుకున్నా."

లేయా చుట్టిన గుడ్డని విప్పుతూ కూర్చుంది.

"నిన్నట్నించీ లేని తప్పు వెతుకుతున్నానన్నమాట" అంది చివరికి. "బాలశౌరికి నువ్వే చెప్పు. నేను చెప్పను."

సౌభాగ్య ముందు టీచర్‌కి చెప్పింది. మర్నాడు ఉదయం క్లాసులో నిలబడి అందరికీ చెప్పింది. నేల చూస్తూ చెప్పింది. గంగాధరం పక్క బెంచీలోకి మారిపోయాడు. బాలశౌరి లేయా దగ్గరికి వెళ్ళి, గుడ్డ మంచిదేలే అని గొణిగాడు. టీచర్ తిట్టలేదు. దెబ్బ ఎలా తగిలిందని తనూ లేయాతో పాటు లేని లోపం వెతికానని మాత్రం అన్నారు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది సౌభాగ్యకి.

మళ్ళీ పోటీ పెట్టారు. ఈసారి సౌభాగ్య కాయలతో పాటు ఖాళీ గంప ఒకటి తెచ్చి మధ్యలో పెట్టింది. అదెందుకని ఎవరూ అడగలేదు. అక్కడున్న పిల్లలందరూ తోటల్లో తిరిగేవాళ్ళే.

లేయా వాళ్ళ చెయ్యి మూడు కాయల్నీ గంపలో పెట్టింది. సౌభాగ్య వాళ్ళది రెండు పెట్టింది. మూడోది ఎత్తేటప్పటికి దారం కొంచెం పక్కకి లాగింది. కాయ వెళ్ళి ఇనుప పట్టీకి తగిలింది. చప్పుడు కూడా రాలేదు. టీచర్ అప్పుడు గడ్డి సర్దుతున్నారు.

"ఎవరూ చూళ్ళేదులే, కానియ్" అన్నాడు గంగాధరం, గొంతు తగ్గించి. ఆ సంగతి జరిగాక అతను ఆమెతో అన్న మొదటి మాట అదే.

సౌభాగ్య కాయని పట్టులోంచి తీసింది. మధ్య గంపలో వేసింది.

"తగిలిందండీ" అంది.

గంగాధరం ఆమె వైపు చూసి, చేతిలో ఉన్న దారం వదిలేశాడు.

ఈసారి మాగేదాకా ఆగక్కర్లేకపోయింది. ఎవరిది నూజివీడు వెళ్తుందో తేలిపోయింది. సౌభాగ్య స్క్రూడ్రైవర్ తీసుకుని తన యంత్రం ముందు కూర్చుంది.

లేయా వచ్చి పక్కన నిలబడింది. "మీ దారం ఎందుకు జారుతోందో తెలిసిందా?"

"కప్పీ వంకరగా బిగించా. గట్టిగా బిగించాననుకున్నా గానీ, వంకర అలాగే ఉంది."

"మాది పెద్దది చేసేటప్పుడు దగ్గరుండి చూస్తావా?"

సౌభాగ్య తలూపింది. మొదటి బోల్టు విప్పి లేయా చేతిలో పెట్టింది.