బర్రెలు లేని పచ్చిక

"ఏంది, కొసరేది?"

ప్రహ్లాద్ పాలగిన్నె చాచి అలాగే నిలబడ్డాడు.

"సోల నిండ పోసిన గదా, సాలదా?" అంది నీలమ్మ.

"ఏడాది తర్వాత ఇంగ్లండ్ నుంచి వచ్చినోనికి గూడ లేదా?"

"ఇంగ్లండోళ్లకు వేరే సోల లేదు మా ఇంట్ల."

అతను గిరుక్కున తిరిగి వెళ్లిపోయాడు. గల్లీ మలుపు తిరిగేదాకా నీలమ్మ గడప వదల్లేదు.

గౌలిపురాలో పాలు కొన్నవాళ్లకు కొసరంటే హక్కే. ప్రహ్లాద్‌కు పోసే కొసరు సంగతి మాత్రం వేరు. అది పోసేటప్పుడు నీలమ్మ చేయి కాస్త నెమ్మదించేది, కళ్లు ఒక్కసారి పైకి లేచేవి. ఇద్దరూ నోరు విప్పి ఏనాడూ ఏమీ చెప్పుకోలేదు. చెప్పుకోవాల్సిందంతా ఆ కొసరులోనే గడిచిపోయేది.

కానీ పంతొమ్మిది వందల ముప్పై రెండులో లోకమంతా మాంద్యం. పల్లీల ధర పడిపోయింది, జాగీర్దార్ల ఇళ్లలో దావతులు తగ్గాయి, చార్మినార్ మిఠాయి దుకాణాలు పాలు సగానికి సగం మాన్పించాయి. ఎవరికీ కొసరు పోయొద్దని బాపు బసవయ్య కూతురి చేత పాడి మీద ఒట్టు వేయించాడు. ఏడాదంతా కళ్లు కాయలు కాసేలా ఎదురుచూసి, తీరా మనిషి వస్తే వట్టి సోలతో పంపింది పిచ్చిపిల్ల.

మర్నాడు సన్నగా వాన పడుతుంటే మళ్లీ వచ్చాడు. మూతి ముడుచుకునే ఉంది.

"గంత దూరం పోయి ఏం జూసినవో జెప్పవా?" ఆమే కదిలించింది.

"గోల్ఫ్ జూసిన. మా వాహెద్ సాహెబ్ కర్రల సంచి మోసిన. ఆయన నన్ను తోల్కపోయింది గందుకే."

"గోల్ఫంటే?"

"మైలు పొడుగు పచ్చగడ్డి. దాన్ల ఒక గుంత. చిన్న గుండును కర్రతోని కొట్టుకుంట పోయి గుంతల ఎయ్యాలె. గంతే."

"మరి గా గడ్డి ఎవరి బర్రెలు మేస్తయి?"

"మొదటి దినం నేను గదే అడిగిన! దొరలు పొట్ట పట్టుకొని నవ్విండ్రు. ఒక్క బర్రె లేదు, నీలమ్మా!"

ఆమె పకపకా నవ్వింది. అతను నవ్వలేదు.

"కంచె అవుతల మనుషులు నిలబడేటోళ్లు. కార్ఖానలు మూతబడ్డయి. సంచి మోసే పని ఇప్పిస్తవా అని తెల్లోళ్లే నన్నడిగిండ్రు. డిప్రెషన్ అంటరట. ఆఖరికి గడ్డి కోసెటోళ్లను గూడ తీసేసి గొర్లను తోలిండ్రు." గిన్నె చేతులు మార్చుకున్నాడు. "గా గడ్డి జూసినప్పుడల్లా నువ్వే యాదికొచ్చేది."

"గడ్డి జూస్తే నేను యాదికొస్తనా? నేనేమన్న బర్రెనా?"

అతని పెదవి మీదికి నవ్వు వచ్చి, నిలవకుండానే పోయింది.

"కొడుకు చదువుకని సాహెబ్ మళ్లీ పోతుండు. ఈసారి అక్కడే ఉంటడట. నన్నూ రమ్మన్నడు. నిన్నటిదాంక ఎటూ జెప్పలే. నువ్వు కొసరు పోయకపోయేసరికి, వస్తనని జెప్పిన."

నీలమ్మ సోల పక్కన పెట్టి గడప దిగింది.

"బాపు పాడి మీద ఒట్టు ఏయించిండు. ఎవ్వరికీ పోస్తలేను. నీకు పోయలేక లోపటికి పోయి ఏడ్చిన."

"నిన్ననే జెప్పొచ్చు గదా?"

"గిప్పుడు జెప్తున్న. పోకు. నువ్వు లేని ఏడాది ఎట్ల ఎల్లదీసిన్నో నాకే ఎరుక. ఇంకోసారి నాతోని గాదు."

వాన పెరిగింది. తడుస్తున్న సంగతి ఇద్దరికీ తెలియలేదు.

"ప్రహ్లాద్! గింత లోపటికి రా." కొట్టంలోంచి బసవయ్య గొంతు.

నీలమ్మ చప్పున పక్కకు జరిగింది. ప్రహ్లాద్ తల వంచుకుని లోపలికి నడిచాడు. బసవయ్య అతని చేతిలో పాలు పిండే దుత్త పెట్టాడు.

"కూసో. పిండు."

పాడి ఉన్న ఇళ్లలో పొదుగు దగ్గర ఇంటివాళ్లే కూర్చుంటారు. ఆ సంగతి తెలిసినవాడు గనకే ప్రహ్లాద్ ఒకసారి బసవయ్య మొహంలోకి చూసి, అప్పుడు కూర్చున్నాడు. బర్రె వెనక్కి తిరిగి వాసన చూసింది. చుక్క పాలు చేపకపోగా, ఒక్క తాపు తన్నింది. దుత్త దొర్లిపోయింది.

"చేపుతలేదు, మామా," అన్నాడు బిక్కమొహం వేసి.

"ఒక్కనాడు కూసుంటే యాడ చేపుతది? కొత్తోణ్ని ఇంటోనిగ ఎరుక పట్టాలంటె దానికి మస్తు దినాలు పడ్తది. రోజూ పొద్దుగాల్ల రావాలె. స్టీమర్ ఎక్కే ఫుర్సత్ లేదని సాహెబ్‌కు జెప్పు."

నీలమ్మ దొర్లిన దుత్త ఎత్తి, మళ్లీ అతని చేతికే ఇచ్చింది.