పాత సెట్టు వింటోంది

మధ్యాహ్నం రెండున్నరకి మంచం ఖాళీగా ఉంది.

మూడేళ్ళు నిండని పాప. పడుకోబెట్టి గంట కూడా కాలేదు. దగ్గరగా వేసిన వీధి తలుపు బార్లా తెరుచుకుని ఉంది.

తల్లి కిందికి పరిగెత్తింది. లేదు. మళ్ళీ పైకొచ్చింది.

పాప పై అంతస్తుకి వెళ్ళే మెట్ల మీద కూర్చుని ఉంది.

"ఎక్కడికే?"

"పిలిచింది."

"ఎవరు?"

"కెమెరా అమ్మ."

మర్నాడు లేడీ ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి ఇంట్లో ఎవరి మొహంలోనూ కళ లేదు.

"మా ఆవిడకి సరిగ్గా నిద్ర లేదు మేడమ్" అన్నాడు భర్త. "లేనివి వినపడుతున్నాయి. తలుపు గడియ పెట్టడం మర్చిపోయి కెమెరా మీదికి తోస్తోంది. ఆదివారం మా అమ్మ పాపని ఊరు తీసుకెళ్తుంది. కొన్నాళ్ళు అక్కడే ఉంచుతాం."

తల్లి పాపని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"మీరేం విన్నారు?" అడిగింది ఇన్‌స్పెక్టర్.

"మొన్న బాత్రూంలో బట్టలు ఉతుకుతున్నాను. 'ఏడవకు బంగారూ' అని ఆడగొంతు. పరిగెత్తుకొచ్చాను. గదిలో ఎవరూ లేరు. కెమెరా లైటు మాత్రం పసుపుగా ఉంది."

"ఆ లైటు గోల వదిలెయ్యవే తల్లీ" అంది అత్తగారు. "నా సెట్టు పెట్టినప్పుడల్లా అది పసుపే."

ఆవిడ చేతిలో అరిగిపోయిన చిన్న రిసీవర్. పాప గదిలో కెమెరా పట్టే మాటలు అందులో వినొచ్చు. బటన్ నొక్కి మాట్లాడితే కెమెరాలోంచి వినిపిస్తుంది.

"నిన్న రెండున్నరకి ఈ సెట్టు ఎక్కడుంది పెద్దమ్మా?"

"నా సంచిలో. కంటి డాక్టరు దగ్గర. వీడూ నా పక్కనే ఉన్నాడు."

ఇన్‌స్పెక్టర్ తలూపింది. అత్తగారు కాదు. భర్త కాదు.

అప్పుడే కెమెరా కంపెనీ ఇంజనీరు వచ్చాడు. మెడలో ట్యాగు, చంకలో లాప్‌టాప్.

"పోయినేడే ఎన్‌క్రిప్షన్, అంటే మాటలకి వేసే తాళం, మొత్తం మార్చేశాం మేడమ్. దాన్ని విప్పడం బ్రహ్మరుద్రాదుల తరం కాదు."

"ఈ సెట్టు మాత్రం?"

"అది పాత మోడల్."

"మా పెద్దాడి పిల్లలకి కొన్నది" అంది అత్తగారు. "ఇప్పటికీ గంటలా పలుకుతుంది."

"మీ కొత్త తాళం దీనికి తెలుసా?"

"తెలీదు మేడమ్."

"తెలీకుండా ఎలా పలుకుతోంది?"

ఇంజనీరు ట్యాగుని వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

ఇన్‌స్పెక్టర్ ఆ సెట్టులోంచి బ్యాటరీలు తీసి బల్ల మీద పెట్టింది. కెమెరా లైటు ఆకుపచ్చగా మారింది. పాపని పడుకోబెట్టమంది. అందరూ గోడవారగా నిలబడ్డారు.

ఫ్యాను చప్పుడు. పాప ఊపిరి.

కాసేపటికి లైటు పసుపుగా తిరిగింది.

సెట్టు బ్యాటరీలు బల్ల మీదే ఉన్నాయి.

పాప నిద్రలో చిన్నగా ఏడ్చింది.

"ఏం లేదు బంగారూ" అంది కెమెరా. "ఏం లేదు. పడుకో."

భర్త భార్య వైపు చూడబోయి తల దించుకున్నాడు.

"పాత సెట్లు ఎంత దూరం అందుతాయి?" గొంతు తగ్గించి అడిగింది ఇన్‌స్పెక్టర్.

"పైకో కిందికో ఒక్క అంతస్తు" అన్నాడు ఇంజనీరు.

కింద వాటా ఖాళీ. పాప ఎక్కింది పై మెట్లు. పైన ఉన్నది ఒక్క టైలరమ్మ.

తల్లి పాపని ఎత్తుకుని అందరితో పైకెళ్ళింది. తలుపు తీసే ఉంది. కుట్టు మిషన్ ముందు ఆమె కూర్చుని ఉంది. చెవికి ఆనించుకుని అలాంటిదే సెట్టు. గుమ్మంలో ఇంతమందిని చూసినా దాన్ని దించలేదు.

"మా పాప పోయాక బీరువాలో పడేశాను" అంది. "ఈమధ్య పారేద్దామని తీసి, ఊరికే బ్యాటరీలు వేశాను. ఊపిరి వినిపించింది. మా పాపది కాదని తెలుసమ్మా. అయినా మా పాపే అని అనుకోకుండా ఉండటం చేతకాలేదు."

"నిన్న?"

"అమ్మా, అమ్మా అని ఏడుస్తోంది. ఎవరూ రావట్లేదు. 'రా, నా దగ్గరికి రా' అన్నాను. నిజంగా లేచొస్తుందని తెలీదు."

ఇన్‌స్పెక్టర్ ఇంజనీరు వైపు తిరిగింది.

"మీరందరూ కొత్త తాళం ఎంత గట్టిదో చూసుకున్నారు. పాప తల్లి చెప్పిన పసుపు లైటు ఎవరూ చూడలేదు. పాత సెట్టు వచ్చి అడిగితే మీ కెమెరా కొత్త తాళం పక్కన పెట్టి పాత తాళానికి దిగిపోతుంది. అదే ఆ పసుపు లైటు. పాత తాళంచెవి అన్ని సెట్లకీ ఒకటే. అవునా?"

"పాతవి ఆగిపోతే జనం గొడవ చేస్తారని ఉంచాం మేడమ్. ఆరు నెలల్లో తీసేద్దామనుకున్నాం. తర్వాత ఎవరికీ గుర్తులేదు."

"పైన ఉన్నది ఈవిడ కాబట్టి సరిపోయింది. ఎవరైనా ఉండొచ్చు. ఆ పాత తాళం తీసెయ్."

"ఊళ్ళో పాత సెట్లన్నీ మూగబోతాయి."

"తీసెయ్ నాయనా" అంది అత్తగారు. "నాదీ పోనీ. నాకు చెవులున్నాయి."

అతను మేనేజరుకి ఫోన్ చేశాడు. చాలాసేపు బతిమాలాడు. తర్వాత లాప్‌టాప్ తెరిచి ఏదో కొట్టాడు.

టైలరమ్మ చేతిలో సెట్టు బుస్సుమంది. ఆమె దాన్ని చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకుంది.

"ఆదివారం అమ్మ ఒక్కతే వెళ్తుంది" అన్నాడు భర్త. ఎవరినీ ఉద్దేశించి కాదు.

తల్లి అతని వైపు చూడలేదు. టైలరమ్మ ముందుకు వెళ్ళింది.

"నా పిల్లని ఇంకెప్పుడూ అలా పిలవొద్దు."

టైలరమ్మ తలూపింది.

అందరూ మెట్లు దిగుతున్నారు. తల్లి మాత్రం కదల్లేదు.

"మీ పాప పేరేంటక్కా?" అంది.

టైలరమ్మ సెట్టు దించింది. మిషన్ మీద పెట్టి పేరు చెప్పింది.

ఇన్‌స్పెక్టర్ మెట్ల మలుపులో ఆ పేరు విన్నది. రిపోర్టులో రాయలేదు.