మూడో నంబరు బోరు

"మూడో బోరు చావకూడదు." మద్రాసు ఆఫీసులో చీఫ్ చెప్పింది అంతే. ఆ మాట పట్టుకుని 1966లో ఏజెంట్ రమణయ్య కోట అనే ఊరి దగ్గర సముద్రపు ఒడ్డుకు వచ్చాడు. మునెయ్య అనే వాచ్‌మన్ వేషంలో, రేకుల షెడ్డులో ఒంటరిగా నాలుగు నెలలు గడిపాడు.

భూమి లోతుల్లోని వేడినీళ్లు బోరు గుండా పైకొచ్చి ఆవిరవుతాయి. ఆ ఆవిరితో టర్బైన్ తిరిగితే కరెంటు, మిగిలిన వేడినీళ్లు చేపలు ఆరబెట్టే గదులకు. శుక్రవారం పదింటికి ఢిల్లీ కమిటీ ముందు బల్బు వెలగాలి. వెలగకపోతే బోరులో సిమెంటు పోసి మూసేస్తారు. మనకు డీజిల్ అమ్ముకునే విదేశీ ముఠాకు కావాల్సింది అదే.

శుక్రవారం పొద్దున ఏడింటికి పక్కపల్లె అంకాలమ్మ వచ్చింది. బోరు కాలవలో వడ్లగంప ముంచి, రేవుకెళ్లి చేపలు తెచ్చుకునేలోపు వడ్లు ఉడికిపోవడం ఆమెకు అలవాటు. కట్టెలు ఏరే పని తప్పింది. ఇన్ని నెలల్లో రమణయ్యతో మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే, అదీ వడ్ల గురించే.

ఎనిమిదిన్నరకు తిరిగొచ్చి గంప ఎత్తి చూసింది. "ఏంది మునెయ్యా, నీళ్లు సల్లబడినాయే? ఒక్క గింజా పగల్లేదు."

బోరు వేడి చూపే గేజి మాత్రం ఎప్పటి అంకె మీదే ఉంది. రమణయ్య వడ్లనే నమ్మాడు. కాలవలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాడు. నిన్నటిదాకా లేని ఉప్పు.

ఇసుకలో పూడ్చిన గొట్టం కనబడింది. దాని వెంటే పరిగెత్తాడు. బకింగ్‌హాం కాలవలో ఆగిన పడవ మీద పంపు ఒకటి ఉప్పునీళ్లు తోడి బోరులోకి పంపుతోంది. పక్కన నల్లకళ్లద్దాలతో, లిప్‌స్టిక్ అంత పిస్తోలుతో పుష్పకుమారి. బోరు లాబరేటరీలో కెమిస్టు, గేజి చూసేది ఆమే. చీఫ్ అక్కడ పెట్టిన మన ఏజెంటు. ముఠా ఏజెంటు కూడా అని ఇప్పుడు తేలింది.

"రమణయ్యా," అంది మెల్లగా, "ఇంకో గంట ఊరుకో. నీ షెడ్డు ఎంత ఖాళీగా ఉంటుందో నాకు తెలుసు. నాతో వచ్చెయ్."

నాలుగు నెలలకు ఎవరో అతన్ని సొంత పేరుతో పిలిచారు. నిజంగానే వెళ్లాలనిపించింది. ఆమె వైపు రెండడుగులు వేసి, చేతిలోని వాచ్‌మన్ టార్చి నొక్కాడు.

అందులోంచి వచ్చింది మిరపపొడి. పిస్తోలు కాలవలో పడింది. తలగుడ్డతో ఆమె చేతులు కట్టి, పంపు ఆపాడు.

పది కావస్తున్నా టర్బైన్ కదల్లేదు. బోరు మూసేసే కాగితం మీద సంతకానికి కమిటీ ఛైర్మన్ పెన్ను మూత తీశాడు. అరనిమిషం ఉందనగా గొట్టం బుస్సుమంది. బల్బు ఎర్రగా మొదలై, తెల్లగా వెలిగింది.

సాయంత్రం షెడ్డులో కూర్చుని రిపోర్టు రాశాడు. ఏజెంటు: నంబర్ 27. వేషం: మునెయ్య. ముద్దాయి: పుష్పకుమారి, అది మారుపేరని తేలింది. సమాచారం ఇచ్చినవారు: అంకాలమ్మ.

రిపోర్టు మొత్తంలో అసలు పేరు అదొక్కటే.