మిగిలిన రెండు పిలుపులు

సూళగిరిలో హైవే పక్కన, టైర్ల అంగడి పైన చిన్న రూములో నాది వీడియోల పని. పెండ్లి, చెవులు కుట్టేది, గృహప్రవేశం, ఏదైనా సరే తీసేది నేనే, ఎడిటింగు నేనే. పని వచ్చు, ఓపిక లేదు. "చంద్రూ, నీకు కడుపులో ఉన్నప్పుడే తొందరరా" అని మా అమ్మ ఇప్పటికీ తిడతా ఉంటుంది.

ఆ పొద్దు మధ్యాహ్నం నుంచీ వాన. కింద నుంచి రబ్బరు వాసన మెట్లెక్కి వస్తా ఉంది. అంతలో మారెమ్మ వచ్చింది. డెంకణికోట దాటినాక అడివి అంచున ఒక పల్లె ఆమెది. కొంగు కప్పి ఒక ల్యాప్‌టాప్ తెచ్చింది. కొడుకు పురుషోత్తం చదివేటప్పుడు ఇస్కూల్లో ఇచ్చిందంట. మూత తీస్తే లైటు వెలిగేసరికి టీ తాగి రావచ్చు, అంత నిదానం.

కొడుకు ఇప్పుడు లేడు. రాగి చేనుకు కాపలా పోయి మంచె మీద పడుకున్నాడు, ఏనుగు వచ్చింది. ఫోను నుజ్జు అయిపోయింది, దాంట్లో మెమరీ కార్డు మాత్రం మిగిలింది. చనిపోయిన రోజు సాయంత్రం వాడు తీసుకున్న వీడియో ఆ కార్డులో ఉంది.

"మొగం కనపడతానే ఆగిపోతాదప్పా," అనింది మారెమ్మ. "మాట ముందు పోతాది, నోరు ఎనకాల కదులుతాది. నా బిడ్డ నిజంగా మాట్లాడినట్ల చూడల్ల."

"మిషను పాతదమ్మా. కొత్త ఫోను వీడియోను అది లాగలేదు. సీడీల కాలం నాటి ఫార్మాటుకు మార్చిస్తాను, నడుస్తుంది. బొమ్మ మసకగా ఉంటుంది, అంతే."

"మసకైనా సరే. కడాన వాడు నన్ను పిలిచినాడు సూడు, అది మాత్రం పోనీయొద్దప్పా."

"యాడికీ పోదులేమ్మా. రేపు రా."

ల్యాప్‌టాప్, కార్డు నా దగ్గర పెట్టి ఆమె పోయినాక వీడియో చూసినాను. మంచె మీద కూర్చోని నవ్వతా చేను చూపిస్తాడు, పక్క చేను తాతను వెక్కిరిస్తాడు. నవ్వితే పైపన్ను ఒకటి వంకరగా కనపడుతుంది. తరవాత పొద్దు గుంకుతుంది. ఇంగంతా చీకటి. ఆ చీకట్లో ఇంటి పక్కకు తిరిగి అన్నం తెమ్మని పిలుస్తాడు. మామూలుగా ఒక తూరి "అమ్మా". ఇంకొంచెం గట్టిగా ఇంకో తూరి. మూడోది కోపంగా, అన్నం ఆలస్యమైతే పిలగాళ్లు అరిచినట్లు. దూరంగా "వస్తాండానప్పా" అని ఆమె గొంతు. అంతే.

చిక్కు ఆ చీకటితోనే వచ్చింది. చీకటి వీడియోలో కంటికి ఏమీ కనపడదు గానీ, బొమ్మ నిండా సన్న చుక్కలు కదులుతా ఉంటాయి. కంప్యూటరుకు ప్రతి చుక్కా ఒక పనే. మార్చి ఆ ల్యాప్‌టాప్‌లో వేస్తే చీకటి రాగానే బిగుసుకుపోయింది. సైజు తగ్గించి వేసినాను. మళ్లీ అక్కడే. ఇంకోపక్క బాగలూరు రోడ్డు రిసెప్షన్ వాళ్లు ఫోను మీద ఫోను. నాకు రేగింది. చీకటినంతా కత్తిరించి పారేసినాను. ఆమె అడిగింది కదా అని ఒక్క "అమ్మా" మాత్రం ఉంచినాను. పిలిచిందే పిలుస్తాడు, ఒక తూరి వింటే సాలదా అనుకున్నాను. ఎడిటింగులో అట్లాంటివి రోజూ తీసేస్తాం. కార్డు ఫార్మాటు చేసి, ఉండేదంతా తుడిచేసి, అందులో కొత్తది ఎక్కించినాను. నా డిస్కులో చోటు లేక నా దగ్గరున్న కాపీ కూడా తీసేసినాను.

మరుసటి రోజు ఆమె వచ్చింది. కొడుకు మొగం ఆగకుండా కదిలేది చూసి ఏడ్చింది. కడదాకా చూసేలోపలే కరెంటు పోయింది, బ్యాటరీ చచ్చిన మిషను ఆగిపోయింది. "సల్లగుండప్పా" అని నా తల మీద చెయ్యి పెట్టింది. నేను వద్దనలేదు, నిజం చెప్పలేదు.

కొన్నాళ్లకు ఆమె మొగుడు అంజనప్ప వచ్చినాడు. మేకలు మేపే మనిషి, పలచగా, ఎండకు నల్లబారి. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"వీడియోలో ఏమి చేసినావప్పా?"

"ఏమైంది పెద్దాయనా?"

"మావోడు మూడు తూర్లు పిలిచినాడు. నువ్వు ఇచ్చిన దాంట్లో ఒకటే ఉండాది."

ఆయన గొంతు తగ్గించినాడు.

"మునిమాపు వేళ మా పక్క ఎవురైనా ఒక తూరి పిలిస్తే పలకమప్పా. బతికినోడు మళ్లీ పిలుస్తాడు. ఒక తూరి పిలిచి ఊరుకునేది మనిషి కాదు. ఇది మా ఊర్లో పసిబిడ్డలకు కూడా తెలుసు. ఆమెకూ తెలుసు. కానీ తల్లి కదా... నీ వీడియోలో ఆ ఒక్క పిలుపు వింటానే పలికేసింది."

"పలికితే ఏమి?"

"ఇప్పుడు మిషను మూసిపెట్టినా చేనుకాడ నుంచి పిలుస్తా ఉండాడు. రోజుకు ఒకటే పిలుపు. ఆమె లేచి పోతాది. నేను చెయ్యి పట్టుకోని నిలుపుతా ఉండాను. ఎన్నాళ్లు పట్టుకునేది? ఒగ పొద్దు నేను నిద్రపోతే?" ఆయన కండ్లలో నీళ్లు తిరిగినాయి. "మిగిలిన రెండు పిలుపులు ఇచ్చెయ్యప్పా. మూడూ వింటే వాడు బతికుండంగ పిలిచిందే అని ఆమె నెమ్మదిస్తాది."

లేవు అని నోరు రాలేదు. థూ, నా బతుకు. "నేనే తెచ్చిస్తాను" అని పంపించేసినాను.

పోతా పోతా ఆయన కార్డు నా చేతికి ఇచ్చినాడు. పోయిన ఫైళ్లు తెచ్చే సాఫ్ట్‌వేర్లన్నీ వేసి చూసినాను. ఏమీ రాలేదు. కడాకు మా పనిలో చేసే దొంగపనే చేసినాను. చప్పట్లు సాలకపోతే ఉండే చప్పట్లనే మళ్లీ అతికిస్తాం. అట్ల ఆ ఒక్క పిలుపునే మూడు తూర్లు అతికించినాను.

వాళ్లింటికి పోయేసరికి పొద్దు గుంకింది. దొడ్లో మేకల తడి వాసన. ఇంటెనక నుంచి చేను మొదలు, దాని ఎనక అడివి. మారెమ్మ గోడకు ఆనుకోని ఉంది. సగం మనిషైపోయింది.

ల్యాప్‌టాప్ పెట్టినాను. పురుషోత్తం నవ్వినాడు. తెర నల్లబడింది.

"అమ్మా."

"అమ్మా."

"అమ్మా."

మారెమ్మ నా పక్క చూసింది.

"ఇది ఒగే పిలుపు కదప్పా," అనింది మెల్లగా. "మూడోది వాడు కోపంగా పిలుస్తాడు."

ఇంక అబద్ధం చెప్పే ఓపిక కూడా నాకు లేదు. అంతా చెప్పేసినాను. తొందరలో కోసేసినాననీ, ఇంక యాడా లేదనీ, తప్పు నాదేననీ. వాళ్ల కాళ్ల దగ్గర కూర్చోని ఏడ్చినాను. అంజనప్ప మొగం పక్కకు తిప్పుకున్నాడు. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు.

"నువ్వు కావాలని చేయలేదు కదా," అనింది. "వాడు ఊరికే పిలవడంలేదప్పా. ఏదో అడగతా ఉండాడు. నాకే అర్థం కావడంలేదు."

బయట చీకటి పడింది. మేకలు అరిచేది ఆపేసినాయి... అన్నీ ఒకేసారి.

అంజనప్ప పెండ్లాం చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "ఇదే వేళ," అన్నాడు.

చేను పక్క నుంచి పచ్చి రాగి వాసన వచ్చింది. దాంతో ఇంకోటి... కాలిన వైరు వాసన మాదిరి. నేను ల్యాప్‌టాప్ మూత మూసేసినాను.

అప్పుడు పిలిచినాడు.

మసక గొంతు. పాత స్పీకరులో వచ్చినట్లు, అంచులు అరిగిపోయి. నేను మార్చిన గొంతే అది.

కానీ "అమ్మా" అనలేదు.

"చంద్రన్నా."

ఒక్క తూరి. అంతే.

మారెమ్మ కదలలేదు. ఇన్ని రోజులుగా లేచి పోతా ఉన్న మనిషి కదలలేదు. నా పేరు వాడికెట్ల తెలుసు... నేను వాడిని ప్రాణంతో చూసిందే లేదు. గొంతులోకి మాట వచ్చేసింది. పలకాలనిపించింది. వాడి పిలుపులు పారేసింది నేను కదా, పలకాల్సింది కూడా నేనే కదా అనిపించింది. నోరు తెరిచినాను.

ఆమె మొగుడి చెయ్యి విదిలించుకోని నా మీద పడింది. అరచెయ్యి నా నోటికి అదిమింది.

"పలకొద్దు బిడ్డా," అని చెవిలో చెప్పింది. "నీకు అమ్మ ఉండాది కదా. పలకొద్దు."

నేను తల ఆడించినాను. ఊపిరి కూడా బిగబట్టినాను. ముగ్గురం అట్లనే కూర్చున్నాం. ఆమె నా నోటి మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

చేను నడిమధ్య నుంచి, చీకట్లో, జవాబు వచ్చింది.

"ఆఁ... వస్తాండా."

అది నా గొంతు.