గుడ్డసంచీలో ఏముంది?

ప్రార్థన అయ్యీ అవ్వగానే బుడంకాయ మరియమాత గుహ దగ్గరికి పరుగెత్తింది. బుడంకాయ అన్నది ఇంట్లోవాళ్లు ఆ పిల్లకు పెట్టిన ముద్దుపేరు.

రాతి గట్టు మీద భక్తులు వదిలి వెళ్లిన జపమాలలు, చేతికర్రలు, పాత కళ్లజోళ్లు ఉన్నాయి. తమ్ముడి బూటు మాత్రం లేదు. వాడి కాలు నయమయ్యాక అమ్మ మొక్కు తీర్చుకుంటూ పెట్టిన బూటు అది.

అక్కడ ఒక ముసలామె తప్ప ఎవరూ లేరు. ఆమె ప్రతి ఆదివారం గుడ్డసంచీతో వస్తుంది. గట్టు ముందు నిలబడి అటూ ఇటూ చూస్తుంది. చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి లాక్కుంటుంది. ఆమె వాలకం బుడంకాయకు మొదటినుంచీ తేడాగానే కనిపించింది. ఇవాళ సంచీలో ఏదో కాస్త ఎత్తుగా కూడా కనిపించింది.

ఇంకేముంది, దొంగ దొరికిందనుకుంది.

ముసలామె సంచీని బల్ల మీద పెట్టి కొవ్వొత్తి వెలిగించడానికి వెళ్లింది. బుడంకాయ గబుక్కున అందులో చెయ్యి పెట్టింది. మెత్తగా ఏదో తగిలింది. లాగి చూస్తే, చిన్న ఉన్ని టోపీ. సంచీలో ఇంకేమీ లేదు.

"అది మా మనవరాలిదమ్మా," అంది ముసలామె వెనకనుంచి.

బుడంకాయ ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. టోపీని రెండు చేతులతో అందించింది.

"మా తమ్ముడి బూటు మీరు తీశారనుకున్నాను, మామ్మగారూ. తప్పయిపోయింది."

ముసలామె కోప్పడలేదు. రాత్రి వానకు తడుస్తాయని సిస్టర్ బూట్లన్నీ లోపల పెట్టిందని చెప్పింది. తర్వాత చాలాసేపు టోపీనే నిమురుతూ కూర్చుంది.

"అందరూ మేలు జరిగిందని ఇక్కడ పెడతారు. మా పిల్ల బతకలేదు. మరి నేను పెట్టొచ్చో లేదో తెలియక, తెచ్చిన ప్రతిసారీ తిరిగి పట్టుకుపోతున్నాను."

బుడంకాయ గట్టు దగ్గరికి వెళ్లింది. మాత పాదాల దగ్గరున్న జపమాలలను మెల్లగా పక్కకు జరిపింది. అరచేయంత చోటు దొరికింది. చున్నీ కొసతో అక్కడి తడి తుడిచింది.

"ఇక్కడ పట్టుద్ది మామ్మగారూ," అంది.

ముసలామె లేచింది. బుడంకాయ అటు తిరిగి, గేటు వైపు చూస్తూ నిలబడింది. వెనక జపమాలలు మెల్లగా కదిలిన చప్పుడైంది. తర్వాత సన్నగా ఏడుపు వినిపించింది.

అయినా బుడంకాయ వెనక్కి తిరిగి చూడలేదు.