దాదీ పరుపు మీద ఏడు తుమ్ములు

జమ్మికుంటలో సాద్ వాళ్లది పరుపుల దుకాణం. ఇంటికి పెద్ద చుట్టాలొస్తే అతని తల్లి మక్సూదా అటక మీంచి దాదీ పరుపు, అంటే సాద్ నాయనమ్మది, దింపించి పరుస్తుంది. నలభై ఏళ్ల పత్తి. ఆ ఇంటి పరువంతా అందులోనే ఉంది.

ఆ వాన రోజు కరీంనగర్ నుంచి సాద్‌కు సంబంధం అనుకున్న పిల్ల తరఫువాళ్లు ఇల్లు చూడటానికొచ్చారు. ఉండబోయేది నేనే కదా అంటూ పెళ్లికూతురు కైనాత్ కూడా వెంట వచ్చింది. పరుపు మీద కూర్చుని చాయ్ అందుకుందో లేదో, తుమ్మింది. ఒకటి కాదు, వరసగా ఏడు.

మక్సూదా కొడుకును వంటింట్లోకి పిలిచి, పిల్లకు దమ్ము రోగం ఉన్నట్టుంది, ఈ సంబంధం వద్దని తేల్చేసింది. సాద్ ప్రాణం ఉసూరుమంది. ముక్కు ఎర్రబడ్డా నవ్వుతున్న ఆ పిల్ల అతనికి అప్పటికే నచ్చేసింది.

మంచినీళ్ల వంకతో వరండాలో ఆమెను పలకరించాడు.

"ఒంట్ల మంచిగ లేదా?"

"నాకేం కాలే. మీ పరుపుకే కాలం చెల్లింది."

కైనాత్ అలర్జీ పరీక్షలు చేసే ల్యాబ్‌లో పనిచేస్తుంది. పాత పత్తిలో కంటికి కనబడని పురుగులుంటాయనీ, మన ఒంటి నుంచి రాలే పొట్టే వాటి తిండనీ, వానాకాలం చెమ్మ వాటికి పండగనీ చెప్పింది. అవి కుట్టవట. వాటి రెట్టే ముక్కుకు పడదట.

సాద్‌కు రోషం వచ్చింది. "తాతల నుంచి గిదే పని మాది. ఒక్క పురుగు కనబడలే."

"పొద్దున లేవంగనే తుమ్ముతరా?"

"అది దుకాణంల పత్తి దుమ్ము."

"దుకాణం బంద్ ఉన్న శుక్రవారం గూడనా?"

శుక్రవారం కూడా తుమ్ముతానని సాద్‌కు అప్పుడే గుర్తొచ్చింది.

మర్నాడే ల్యాబ్‌కు వెళ్లాడు. ఆమె అతని చేతి మీద రకరకాల అలర్జీ ద్రావణాల చుక్కలు వేసి సూదితో గుచ్చింది. పావుగంటలో పరుపు పురుగు చుక్క పడ్డచోట దోమ కుట్టినట్టు దద్దురు లేచింది. అంత సంతోషంగా దద్దురు గోక్కున్నవాడిని తానెప్పుడూ చూడలేదంది కైనాత్.

ఇంటికొచ్చి చెయ్యి చూపించి, పరుపు పురుగుల సంగతి చెప్పాడు. "అమ్మీ, గా పిల్లకున్నదే నాకూ ఉన్నది. ఇగ నాకు పిల్లనెవరిస్తరు?"

మక్సూదా మళ్లీ అటక మీంచి పరుపు దింపించింది. తర్వాత తనే దాదీ పరుపు కుట్లు విప్పింది. కళ్లు తుడుచుకుంటూ పత్తంతా పారబోయించి, పై తొడుగైన మఖ్మల్ గలీబు మాత్రం మరిగే నీళ్లలో వేసి ఉతికింది. సాద్ కొత్త పత్తి నింపి, లోపల పురుగు దూరని దట్టమైన నేత బట్టతో జిప్పు కవరు కుట్టాడు.

మళ్లీ పిలిచిన రోజు అందరి చూపూ కైనాత్ ముక్కు మీదే. ఆమె తీరిగ్గా కప్పు ఖాళీ చేసింది. ఒక్క తుమ్మూ లేదు.

"ముక్కు ఒప్పుకున్నది. మరి మనసో?" అంది మక్సూదా.

కైనాత్ సాద్ వైపు చూసి, తల దించుకునే జవాబిచ్చింది.

"అది మొదటి తుమ్ముకన్న ముందే ఒప్పుకున్నది, అమ్మీ."