ఆపిల్ గజమాల

హిందూపురం లాడ్జిలో ఏజెంట్ ఆనంద్‌ను తెల్లవారగానే కాల్చి చంపారు. కాసేపటికే తోటి ఏజెంట్ సాయినాథ్ ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు పలికింది.

"ధర్మవరం అభ్యర్థి కుళ్లాయప్పను ఈరోజు రోడ్‌షోలో లేపేస్తారు. విదేశీ ముఠా పని. ఎలా అన్నది కనుక్కునేలోపే ఆనంద్ పోయాడు. ఇక నువ్వే."

"ప్రత్యర్థి పార్టీ మీద నిఘా?"

"పెట్టాం. అక్కడేమీ లేదు."

సాయినాథ్ ఖాకీ చొక్కా తొడుక్కుని, ప్రచార రథం డ్రైవర్‌గా బయల్దేరాడు. పెనుకొండలో బండి ఆపగానే నల్ల కళ్లద్దాల అందగత్తె పక్క సీట్లోకి ఎక్కింది. హేమలత. ముఠా నడిపే సర్వే కంపెనీలో అనలిస్ట్. చీఫ్‌కీ సమాచారం అమ్ముతుంది. నిజానికి ఎవరి మనిషో ఎవరికీ తెలియదు.

సాయినాథ్ పిస్టల్ ఆమె నడుముకు ఆనించాడు. "ఆనంద్‌ను పట్టించింది నువ్వేనా?"

"వస్తాండారు, పారిపో అని చెప్తి. నమ్మలేదు. అందుకే పోయినాడు." ఆమె కళ్లద్దాలు తీసింది. "నువ్వన్నా నమ్మప్పా. ముఠా గెలిపించాలనుకునేది కుళ్లాయప్ప పార్టీనే!"

"సొంత అభ్యర్థిని చంపుకుంటారా?"

"మా సర్వేలో హిందూపురం, పెనుకొండ రెండూ పోతాండాయి. కుళ్లాయప్ప చస్తే ధర్మవరంలో పోలింగ్ వాయిదా. చుట్టుపక్కల మాత్రం సానుభూతి ఓటు. ఓడే సీట్లన్నీ తిరగబడతాయి. బాంబు గజమాలలో ఉండాది, ఆపిల్ పండ్ల మధ్య. ఫోన్ చేయొద్దు. పోలీసుల వైర్‌లెస్ వింటాండారు, కదిలితే అప్పుడే పేలుస్తారు."

అబద్ధమైతే తప్పు చోటికి పోతాడు. నిజమైతే టైం లేదు. సాయినాథ్ పిస్టల్ దించి యాక్సిలరేటర్ తొక్కాడు.

ధర్మవరం వీధిలో ఇసుకేస్తే రాలనంత జనం. డప్పులు మోగుతున్నాయి. క్రేన్‌కు వేలాడుతున్న గజమాల కుళ్లాయప్ప తల మీదికి దిగుతోంది. సాయినాథ్ రిమోట్ సిగ్నల్‌ను అడ్డుకునే జామర్ నొక్కాడు. దాని ఎర్ర లైటు ఒక్కసారి వెలిగి ఆరిపోయింది; అది పనిచేయలేదు.

"ఆ మేడ మీద తెల్ల టోపీ! రిమోట్ వాడి దగ్గరే ఉండాది!" హేమలత దూకి అటు పరుగెత్తింది.

సాయినాథ్ జనాన్ని తోసుకుంటూ క్రేన్ ఎక్కి, ఆపరేటర్‌ను పక్కకు లాగి లివర్ తిప్పాడు.

"రేయ్, మాలను యాడికి తీసకపోతాండావురా!" కుళ్లాయప్ప అరిచాడు.

మాల ఊగుతూ వీధి పక్కనున్న గోడ దాటింది. మేడ మీద తుపాకి పేలింది. మరుక్షణం గోడ అవతల ఖాళీ స్థలం దద్దరిల్లింది. ఆపిల్ ముక్కలు జనం మీద వానలా రాలాయి.

సాయినాథ్ మేడ ఎక్కేసరికి హేమలత భుజం నుంచి నెత్తురు కారుతోంది. అయినా తెల్ల టోపీవాడి చేతిని వదల్లేదు.

"మాల గోడ దాటేదాకా వీడు రిమోట్ నొక్కకుండా ఆపితి," అంది. "ఇప్పుడన్నా నమ్మినావా?"

అతడు వాడిని వెనకే వచ్చిన పోలీసులకు అప్పగించాడు. ఆమెను రెండు చేతులా ఎత్తుకుని మెట్లు దిగాడు.

హేమలత బతికింది. ముఠా మొత్తం దొరికింది. కుళ్లాయప్ప పార్టీ మాత్రం మూడు చోట్లా ఓడిపోయింది. ఫలితాల సాయంత్రం ఆయన సాయినాథ్‌ను కావలించుకుని నిట్టూర్చాడు.

"ప్రాణం కాపాడితివి, మంచిదే. నేను బతికుండంగానే గెలిచే దారేమన్నా ఉండాదేమో, ఆ సర్వే పాపను రోంత అడుగప్పా."